కన్నమున్న తాళం

దిండిగల్

ముత్తుపేచ్చీ,

నీ కూతురికి చెవులు కుట్టించిన రోజున, మేనమామను నేనుండగా, దాన్ని తీసుకెళ్లి నీ మరిది ఒడిలో కూర్చోబెట్టావు. ఆనాడే నీ గడప తొక్కనని ఒట్టేశాను. ఇరవై ఏళ్లయినా నాకా కోపం పోలేదు.

మొన్న ఆ నీ కూతురు కయల్విళే నా తాళాల కొట్టుకొచ్చి ఏడ్చింది. రొమ్ముకి ఆపరేషనైన తర్వాత రోజూ వేసుకోమన్న మాత్ర మానేశావట. "గడ్డ తీసేశారుగా, ఇంకెందుకే? ఒళ్లంతా సెగలు" అన్నావట.

దాన్ని వెంటబెట్టుకుని నీకు ఆపరేషన్ చేసిన మదురై డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. తీసిన గడ్డను పరీక్ష చేయించారట. దాని కణాలకు కన్నాల్లాంటివి ఉన్నాయట. ఒంట్లో ఊరే హార్మోను తాళంచెవిలా వాటిలో దూరితే జబ్బు పెరుగుతుందట. మాత్ర ఆ కన్నాన్ని మూసేస్తుందట.

"అయితే మా చెల్లెలు బతుకుతుందా?" అని మొహమ్మీదే అడిగాను.

"రాసివ్వలేను పెద్దాయనా. కానీ ఇలాంటి గడ్డ మందుకు లొంగుతుంది. ఐదేళ్లు మానకుండా వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది బాగున్నారు. సెగలకు వేరే ఉపాయం చూద్దాం. ముందు ఆవిణ్ణి తీసుకురండి" అంది.

కన్నం లేని తాళాన్ని నేనూ ఏం చెయ్యలేనే పేచ్చీ. నీ జబ్బుకి కన్నం దొరికింది. ఇంకా ఈ మొండితనం ఏమిటి?

నాతో పోట్లాడడానికైనా నువ్వుండాలి. మాత్ర వేసుకుంటున్నానని శుక్రవారంలోగా జవాబు రాయి. రాకపోతే శనివారం పొద్దున్నే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి నీ గడప తొక్కుతాను. చేపల పులుసు వండి ఉంచు.

నీ అన్న