కాస్త తక్కువ ఊపిరి పీల్చండి

బ్రాస్‌కాట్ గ్రామం,
లింకన్‌షైర్

శ్రీయుత ఫ్రాబిషర్ గారికి నమస్కారం.

దాదాపు కొత్తదే అని మీరు మాకు అమ్మిన మోటార్‌హోమ్, ఆ చక్రాల మీద ఇల్లు, ముచ్చటగా ఉంది. మంచం ఉన్న మూల మాత్రం కాస్త చెమ్మగా అనిపిస్తోంది. ఇబ్బంది పెడుతున్నందుకు క్షమించాలి. తీరిక దొరికినప్పుడు చూస్తే చాలు.

భవదీయ,
హెస్టర్ పిన్నక్

తా.క. ‘కాస్త’ అన్నది మర్యాద కోసం. మా ఆయన సెడ్రిక్ గొడుగు వేసుకుని పడుకుంటున్నారు.

---

శ్రీమతి పిన్నక్ గారికి,

బండి ముచ్చటగా ఉందన్న మీ మాట చదివి మా సిబ్బంది అంతా పొంగిపోయారు. దాన్ని పెద్ద అక్షరాల్లో రాయించి షోరూం గోడకు తగిలించాం. తీరిక దొరకగానే తప్పక చూస్తాం.

మీ విధేయుడు,
నైజెల్ ఫ్రాబిషర్, మేనేజర్

తా.క. గొడుగులు కూడా మా దగ్గర దొరుకుతాయి.

---

ఫ్రాబిషర్ గారూ,

ఇక మర్యాద పక్కన పెడుతున్నాను. పైకప్పు కిటికీ కారుతోంది. గోడ మీద వేలు పెడితే టీలో ముంచిన బిస్కట్టులా లోపలికి పోతోంది. లైటు వేస్తే నీళ్ల పంపు తిరుగుతోంది, పంపు వేస్తే హారన్ మోగుతోంది.

సెడ్రిక్‌కి ఊపిరితిత్తులు బాగా లేవు. పొడి గాలి తగలాలని డాక్టరు చెబితేనే చలికాలం స్పెయిన్‌లో గడుపుదామని ఈ బండి కొన్నాం. ఆయన దగ్గుతుంటే నాకు భయమేస్తోంది. అక్టోబరులో ఓడ ఎక్కాలి. బండి సంగతి తేలేదాకా మిమ్మల్ని వదిలేది లేదు.

హెస్టర్ పిన్నక్

తా.క. గోడ మీద నా మాట తీసేయండి.

---

శ్రీమతి పిన్నక్ గారికి,

మా నిపుణులు బండిని చూడకుండానే విషయం తేల్చేశారు. అది కారడం కాదు. మీ ఇద్దరి ఊపిరి, మీ టీ కెటిల్ ఆవిరి. దయచేసి లోపల ఉన్నంతసేపు కాస్త తక్కువ ఊపిరి పీల్చండి.

నమ్మకం కుదరకపోతే కొన్నాళ్లు తాళం వేసి చూడండి. మనిషి లేకుండా ఆ బండిలో ఏం వచ్చినా అది మాదేనని రాసిస్తున్నాను.

మీ విధేయుడు,
నైజెల్ ఫ్రాబిషర్

తా.క. గోడ మీద మీ మాటకు పక్కనే తగిలించడానికి మీ ఇద్దరి ఫొటో ఒకటి పంపగలరా? నవ్వుతున్నది.

---

ప్రియమైన ఫ్రాబిషర్ గారికి,

చెప్పినట్టే తాళం వేశాం. ఆగస్టంతా వాన. మేం ఇంట్లో కూర్చుని కడుపునిండా టీ తాగి, ఇష్టమొచ్చినంత ఊపిరి పీల్చుకున్నాం. మొన్న తలుపు తీస్తే మంచం మూల గుత్తులు గుత్తులుగా పుట్టగొడుగులు!

శనివారం మా ఊరి కూరగాయల పోటీ జరిగితే వాటిని కోసి అందులో పెట్టాను. ఎవరు పండించారో వాళ్ల పేరే రాయాలన్నది ఇక్కడ గట్టి నియమం. పోయినేడు చర్చి ఫాదరు గారు కొనుక్కొచ్చిన ఉల్లిపాయలు పెట్టి దొరికిపోయారు. ఆయన ప్రార్థనకు పిలిస్తే జనం ఇప్పటికీ ఉల్లిపాయల ధర అడుగుతున్నారు. నాకెందుకా గతి? ఏం వచ్చినా మీదేనని మీరే రాసిచ్చారు కాబట్టి నిజాయితీగా మీ కంపెనీ పేరే రాశాను. పండిన చోటు అన్న దగ్గర ‘పరుపు కింద’ అని రాశాను.

మొదటి బహుమతి మీదే. అభినందనలు! పండిన చోటు చూస్తామని ఊరు ఊరంతా బండి ముందు వరుస కట్టింది.

బహుమతి కప్పు మాత్రం పండించినవాళ్లే స్వయంగా వచ్చి అందుకోవాలట. వచ్చే శనివారం రండి. పత్రికలవాళ్లూ వస్తున్నారు. వచ్చేటప్పుడు పొడిగా ఉన్న కొత్త బండి నడుపుకుంటూ రండి, అది మాకు వదిలేసి వెళ్లండి. తిరుగు ప్రయాణానికి మా బండి సిద్ధంగా ఉంటుంది.

భవదీయ,
హెస్టర్ పిన్నక్

తా.క. ఇంటికి చేరేదాకా కాస్త తక్కువ ఊపిరి పీల్చండి.