నేల ఒకరిది, షెడ్డు అందరిది

సెప్టెంబరు 4
ఓర్వకల్లు పోయొచ్చినా. కోసిగి రైతుల కంపెనీకి ఆడిటర్‌ని కదా, వాళ్ల వేరుశనగ షెడ్డు చూడాల. కోసిగోళ్ల షెడ్డు ఇంత దూరంలో యాల? నేల చైర్మన్ పెండ్లాం పేర ఉండాది, అందుకు. కట్టింది సభ్యుల దుడ్లతో. లీజు కాగితమన్నా లేదు. రేపు ఆమె ఖాళీ చేయమంటే చేయాల్సిందే.

సెప్టెంబరు 9
మా పెద్ద పార్ట్‌నర్ సార్ — "ఆ నేల సంగతి రిపోర్టు వెనక నోట్సులో ఒక లైను పడేయమ్మా, ముందర పేజీలో యాల?"
ముందర పెడితే సర్వసభ్య సమావేశంలో పైకి చదవాల. అదీ భయం. గోడ మీద పిల్లి మాదిరి రాయమంటాడు నన్ను.

సెప్టెంబరు 15
ముందరి పేజీలోనే రాసినా. ఆ నేల మీద కంపెనీకి హక్కున్నట్టు ఆధారం దొరకలేదు, ఆ ఒక్కటి తప్ప మిగతా లెక్కలు సక్రమం అని. సంతకం పెట్టినా. సార్ మాట్లాడడం లేదు. మానేస్తే మాననీ.

సెప్టెంబరు 27
కోసిగిలో సమావేశం. వానల్లేక సగం ఊరు అప్పుడే గుంటూరు దిక్కు వలస పోయింది. తెలిసే ఈ తేదీ పెట్టినాడు చైర్మన్.
సెక్రటరీ నా రిపోర్టు ఇంగ్లీషులో గబగబా చదివేసినాడు, పెండ్లిలో మంత్రాల మాదిరి. తెలుగులో మాత్రం కడపటి ముక్క — "లెక్కలు సక్రమమని మేడం రాసినారు." చప్పట్లు... నాకు!
లేచి తెలుగులో చెప్పినా. షెడ్డు మీది, కింద నేల మీది కాదని.
చైర్మన్ నవ్వుతా — "మేడమ్‌కు పల్లె సంగతులు తెలీవప్పా. నేల మా ఇంట్లోదే కదా, యాడికి పోతాది?"
అందరూ నవ్వినారు. సభ్యురాలు, మాబున్ని అని ఒకామె మాత్రం నవ్వలేదు. పోయేటప్పుడు నా నంబరు అడిగి తీసుకునింది.

అక్టోబరు 3
ఆ కంపెనీ ఫైలు ఇంక నాది కాదంట. సార్ చెప్పినాడు. ఇన్నాళ్లకు నోరు తెరిచి ఇదీ మాట.

అక్టోబరు 5
మాబున్ని ఫోన్. షెడ్డు పక్కన ఇంకో గది కడతారంట, మళ్లీ వాటా కట్టమంటాండారంట. "ఇంట్లో నా కమ్మలు తప్ప ఏం లేవు మేడం. కుదువ పెట్టి కట్టల్లనా, వద్దా? ఒక్క మాట చెప్పు."
ఆడిటర్ అట్లాంటి మాట చెప్పకూడదు. రాసేవరకే నా పని. ఏం పనో, నా శ్రాద్ధం... చెప్పకపోతే ఆమె కట్టేస్తాది.
ఆలోచించి చెప్తాలేమ్మా, అన్నా.
"సరే మేడం. రేపు కుదువ కొట్టుకు పోయే ముందర మళ్లీ చేస్తా" అనింది.