కడిగిన పెట్టెలు

కడప,
10 ఫిబ్రవరి 2008

ప్రియమైన కౌసర్‌కు, వాసవి రాసేది.

నువ్వు రాత్రి డ్యూటీ దిగి నిద్రపోయే వేళకు నేను ఫ్యాక్టరీలో ఉంటాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. నేను ఇల్లు చేరేసరికి నువ్వు ఆసుపత్రికి బయలుదేరి ఉంటావు. మైదుకూరు హైస్కూల్లో బెంచీ కింద చీటీలు అందించుకున్నాం కదా, మళ్లీ ఆ అలవాటుకే వచ్చాం. ఇదీ బాగానే ఉంది.

నేను చేసే పనేమిటో నీకింకా అర్థం కాలేదని రాశావు. బ్యాంకులు, పెద్ద కంపెనీలు తమ సమాచారమంతా దాచుకునే పెట్టెలుంటాయి. ఇంతకాలం వాటిలో గిరగిర తిరిగే డిస్కులు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఫ్లాష్ అని చిప్పులు వస్తున్నాయి. వాటికి తిరిగే పని లేదు, చప్పుడు లేదు, వేగం మాత్రం చెప్పలేనంత. ఆ చిప్పులు బిగించే అరలు, వెనక ఫ్యాన్లు, చుట్టూ ఉక్కు పెట్టె, ఇవి చేసేది మేము. చిప్పులు బెంగళూరులో పెట్టుకుంటారు. అర వెంట్రుకవాసి వంకర పోయినా చిప్పు లోపలికి దూరదు. అలా వంకర పోయిందా లేదా అని చూసేది నేనే. నేను పచ్చ చీటీ అంటిస్తేనే పెట్టె గేటు దాటుతుంది.

నాన్న కోపం తగ్గలేదు. "అంగడోళ్ల పిల్లవు, రేకుల కార్ఖానాలో ఏం పనే నీకు?" అంటాడు. డిప్లొమా చేతబట్టుకుని తిరిగినప్పుడు ఆడపిల్లకు మిషన్ల పని ఇచ్చింది మా మేనేజరు వేణుగోపాల్ గారొక్కరే. ఆ మాట నాన్నకు చెప్పినా వినడు.

పోయిన నెల పంపిన పెట్టెలు వెనక్కి వచ్చాయి. రేకు మీద జిడ్డు మిగిలిందట, దుమ్ము పడిందట. అందుకని కడిగే తొట్టిని వెనక రేకుల షెడ్డు నుంచి లోపలి గదికి మార్చారు. అందులో ఒక మందు కాగుతూ ఉంటుంది. రేకును ఆ ఆవిరిలో దించి తీస్తే క్షణంలో ఆరిపోయి అద్దంలా మెరుస్తుంది. మన ఎండాకాలపు గాలికి దుమ్ము రాకూడదని కిటికీలన్నీ మూసేశారు. గదంతా తీపి వాసన. అక్కడ పనికి కొత్తగా బద్వేలు వైపు ఆమె, జీవమ్మ, చేరింది. మాటకు ముందు నవ్వుతుంది. నీకు నచ్చుతుంది.

మీ అమ్మ జానమ్మత్తకు నా నమస్కారాలు చెప్పు.

నీ
వాసవి

———

కర్నూలు,
24 ఫిబ్రవరి 2008

నా వాసవికి,

నీ పెట్టెల కథ మా హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. "మీ స్నేహితురాలు ఇనుముతో కాపురం చేస్తోందే" అని నవ్వారు. నాకు మాత్రం గర్వంగా ఉంది.

నన్ను చర్మవ్యాధుల వార్డుకు మార్చారు. రాత్రంతా గోక్కునేవాళ్ల మధ్య తిరిగి తిరిగి, తెల్లారేసరికి నాకూ ఒళ్లంతా దురద పుట్టినట్లే ఉంటుంది. అమ్మ నెలకొక సంబంధం తెస్తోంది. మొన్న వచ్చినాయన, నర్సులు రాత్రిళ్లు బయట ఉంటారు కదా అన్నాడు. అమ్మే అందుకుని, "రోగాలు రాత్రిపూట సెలవు తీసుకుంటాయా నాయనా?" అంది. నాకు సంబరమేసింది.

ఒక మాట, వాసూ. తీపి వాసన అన్నావు. ఆపరేషన్ థియేటర్లో ఇచ్చే మత్తుమందు కూడా కొన్ని తీపి వాసనే వేస్తాయి. ఆ గదిలో ఎవరికైనా తల తిరుగుతోందా? కిటికీ ఒకటైనా తెరిపించు.

ఎప్పటికీ నీదాన్ని,
కౌసర్

———

కడప,
16 మార్చి 2008

ప్రియమైన కౌసర్‌కు,

కిటికీ మాట వేణుగోపాల్ గారితో అన్నాను. "దుమ్ము పడితే మళ్లీ లోడంతా వెనక్కొస్తాది వాసవీ. వాసన నాల్గు దినాలకు అలవాటైతాదిలే" అన్నారు. తల తిరిగే మాట నిజమే. సాయంత్రానికి తొట్టి దగ్గరి ఆడవాళ్లంతా ఊరికే నవ్వుతుంటారు. "కల్లు తాగినట్టుండాదక్కా, దుడ్డు పెట్టకుండానే!" అంటుంది జీవమ్మ.

ఆ జీవమ్మకే పాపం బాగాలేదు. పదిరోజుల కిందట జ్వరం వచ్చి ముఖం, చేతులు, వీపు అంతా ఎర్రగా దద్దు తేలింది. అప్పటికి పనిలో చేరి నెల కూడా కాలేదు. "తట్టు పోసింది, అమ్మవారు వచ్చింది" అని వాళ్లత్త బద్వేలు తీసుకుపోయింది. జీవమ్మ, ఆమె భర్త దావీదురాజు చర్చికి పోయేవాళ్లు. అయినా అత్త వేపాకు పరిచి పడుకోబెట్టిందట. దావీదురాజు పక్కన కూర్చుని ప్రార్థన చేస్తున్నాడట. ఏదో ఒకటి ఫలించనీ.

మంచి కబురు కూడా ఉంది. కొత్త లోడులో ఒక్క పెట్టె కూడా వెనక్కి రాలేదు. ఇంత శుభ్రమైన పెట్టెలు మన దేశంలో చూడలేదని బెంగళూరు వాళ్లు మెచ్చుకున్నారు. అన్నిటి మీదా నా పచ్చ చీటీయే. ఆ రోజు నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. "సరే, అన్నం తిన్నావా?" అన్నాడు. కోపం కరుగుతున్నట్లే ఉంది.

నీ
వాసవి

———

కడప,
6 ఏప్రిల్ 2008

ప్రియమైన కౌసర్‌కు,

త్వరత్వరగా రాస్తున్నాను. జీవమ్మకు నయమైంది! పెద్ద ఆర్డరు వచ్చి తొట్టి దగ్గర చేతులు చాలక ఇబ్బంది పడుతుంటే, ఇవాళ ఆదివారం కదా అని నేనే బద్వేలు బస్సెక్కి వాళ్లింటికి పోయాను. ఒళ్లు పొరలు పొరలుగా ఊడి కొత్త చర్మం వచ్చింది. చిక్కిపోయింది గానీ నవ్వు తగ్గలేదు. "ఇంగో వారం ఉండి పోతుందిలేమ్మా" అని దావీదురాజు అన్నాడు. "ఇంట్లో కూర్చుంటే పిచ్చిపడతాది, నేను పోతా" అని ఆమే చీర సర్దుకుని నాతో బయలుదేరింది. రేపటి నుంచి పనికి వస్తుంది.

దారిపొడుగునా బస్సులో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది.

మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను.

నీ
వాసవి

———

కర్నూలు,
6 ఏప్రిల్ 2008

వాసూ,

ఈ ఉత్తరం అందగానే ముందు చదువు, తర్వాతే తక్కిన పనులు.

నీ జీవమ్మ సంగతి మా వార్డు డాక్టరుగారికి చెప్పాను. "ఇంత వయసులో తట్టా? ఆమె ఏం పని చేస్తుంది?" అని అడిగారు. రేకులు కడుగుతుందని, గదిలో తీపి వాసనని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టేశారు. పుస్తకాలు చూసుకుని పొద్దున మళ్లీ నన్ను పిలిపించారు.

ఆ తొట్టిలోది ట్రైక్లోరో ఇథిలీన్ అనే మందయి ఉండవచ్చట. అందరికీ అంత చేటు చేయదు. కొందరికి మాత్రం అస్సలు పడదు. వాళ్లకు నెలలోపే జ్వరం వచ్చి ఒళ్లంతా దద్దు లేస్తుంది, అచ్చం తట్టులాగే ఉంటుంది. ఆ గాలికి దూరంగా ఉంటే తగ్గుతుంది. కానీ తగ్గింది కదా అని తిరిగి ఆ గాలిలోకి పోతే ఈసారి కాలేయానికి పట్టుకుంటుందట. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరని ఆయన మాట.

జీవమ్మను మళ్లీ ఆ గదిలోకి పోనివ్వకు. నయమైనా సరే, నవ్వుతూ వచ్చినా సరే. ఆ మందు పేరేమిటో మీ మేనేజరును అడుగు. నీకు ఫోన్ చేస్తూనే ఉన్నాను, కలవడం లేదు.

కౌసర్

———

కడప,
11 మే 2008

కౌసర్,

ఫోన్లో నేను ఏడవడమే సరిపోయింది. నీకు ఏం చెప్పానో, ఏం చెప్పలేదో నాకే తెలియదు. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం నా గదికి వచ్చి తలుపు సందులో పడి ఉంది. ఆ వారమంతా ఆర్డరు పని వల్ల రాత్రుళ్లు ఫ్యాక్టరీ పక్కనే ఉన్న ఆడవాళ్ల షెడ్డులో పడుకున్నాను. ఫోను గదిలోనే ఉండిపోయింది. గదికి వచ్చి చదివి, చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాను. జీవమ్మ తొట్టి మీదికి వంగి రేకు తీస్తోంది. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను. ఎండలో చూస్తే మెడ మీద ఎర్రగా దద్దు అప్పటికే లేచింది. "నాల్గు దినాల నుంచి ఒళ్లు కాగుతాండాదక్కా. మళ్లీ సెలవంటే నీకు మాటొస్తాదని చెప్పలా" అంది.

నా కోసం చెప్పలేదు, కౌసర్.

బద్వేలు చేరాక ఆమె కళ్లు పచ్చబడ్డాయి. అత్త పసరు తాగించింది. నువ్వు కర్నూలు తీసుకురమ్మంటే దావీదురాజు ఒప్పుకుని జీపు మాట్లాడాడు. మైదుకూరు దాటేలోపే ఆమెకు మాట పడిపోయింది. నన్ను చూసి ఎవరో అన్నట్లు చూసింది. దువ్వూరు దగ్గర జీపు ఆపించాడాయన. "ఇంగ వద్దమ్మా. ఇంటికి పోదాం" అన్నాడు. తల ఆయన ఒడిలోనే ఉంది.

మట్టి చేసిన మర్నాడు వేణుగోపాల్ గారి దగ్గరికి పోయాను. మందు పేరు అడిగితే దాచలేదు. నువ్వు రాసిన పేరే. "కామెర్లతో ఊర్లలో ఎంతమంది పోతాండారు? అన్నిటికీ మన తొట్టే కారణమా?" అన్నారు. తొట్టి మళ్లీ బయటికి మార్చమన్నాను. "జిడ్డుంటే వాళ్లు తీసుకోరు, దుమ్ముంటే తీసుకోరు. ఏం చేయమంటావు నన్ను?" అన్నారు. చెడ్డవాడని తిట్టుకోవడానికి కూడా నాకు వీలు కాలేదు. ఆ సాయంత్రమే జీవమ్మ స్థలంలో ఇంకొకామెను నిలబెట్టారు.

పచ్చ చీటీల కట్ట నా బల్ల మీదే ఉంది. ఏం చేయాలి?

వాసవి

———

కర్నూలు,
18 మే 2008

నా వాసూ,

ఏం చేయాలో నేను చెబితే నీ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఇంకొకామె పోతుంది. ఆ గదిలో ఎవరి ఒంటికి పడదో ముందుగా ఎవరికీ తెలియదు. నీ ఒంటికైనా సరే.

ఒకటి మాత్రం విను. బస్సులో ఆమె నీ భుజం మీద నిద్రపోయింది. నిన్ను నమ్మి నిద్రపోయింది. నువ్వు మోసగించలేదు. నేను ఆ ఉత్తరం ఒక్క వారం ముందు రాసి ఉంటే నువ్వు ఆ బస్సు ఎక్కేదానివే కాదు. దీనికి నిన్ను నువ్వు చంపుకోవద్దు.

రోజూ నీ కోసం దువా చేస్తున్నాను.

కౌసర్

———

మైదుకూరు,
27 జూలై 2008

ప్రియమైన కౌసర్‌కు,

పైన ఊరి పేరు చూసి ఉంటావు. అంగట్లో నాన్న పక్కన కూర్చుని రాస్తున్నాను.

జూన్‌లో బెంగళూరు నుంచి వాళ్ల ఇంజనీరు లోడు చూసుకోవడానికి వచ్చాడు. పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీద కూడా పచ్చ చీటీ లేదు. "ఏం, కొలతలు తప్పాయా?" అని అడిగాడు. "లేదు సార్, మేం చేసినవాటిలో ఇవే మేలైనవి. వీటిని కడిగే చోట ఒకామె చచ్చిపోయింది. తొట్టి గాలికి మార్చేదాకా నేను చీటీ అంటించను" అన్నాను. వేణుగోపాల్ గారు నా వైపు చూడలేదు, నేల చూపులు చూశారు. ఆ ఇంజనీరు వయసులో నాకంటే చిన్నవాడు. కడిగే గది తలుపు దాకా పోయి, లోపలికి అడుగు పెట్టకుండా తిరిగి వచ్చాడు. కారెక్కి వెళ్లిపోయాడు.

పది రోజులకు ఆర్డరు రద్దయింది. కారణం రాయలేదు. తొట్టి ఎత్తేశారు, గదికి తాళం వేశారు. దానితోపాటే నన్నూ, ఆడవాళ్లందరినీ మాన్పించారు. గేటు దగ్గర వాళ్లంతా నన్ను చుట్టుముట్టారు. "సచ్చినామె ఎట్లా సచ్చె. బతికినోళ్ల కూట్లో మన్ను పోస్తివి గదే!" అని ఒకామె నా జుట్టు పట్టుకుంది. నేను విడిపించుకోలేదు.

బద్వేలు పోయి దావీదురాజుకు అంతా చెప్పాను. ఆయన "ఈ పని ఆమె బతికుండగా చేసింటే ఎంత బాగుండునమ్మా" అన్నాడు. తిట్టలేదు. మంచినీళ్లిచ్చి పంపాడు.

అంగడికి వస్తే నాన్న పప్పు తూకం వేస్తూ, "ఆ తట్ట ఇట్లా అందుకో" అన్నాడు. అప్పట్నుంచీ ఇక్కడే ఉన్నాను.

ఉద్యోగం పోయిందన్న దిగులు లేదు. తొట్టి లేదు. ఆ ఒక్క మాట అనుకుని రాత్రిపూట నిద్రపోతున్నాను.

నీ
వాసవి

———

కర్నూలు,
16 నవంబరు 2008

నా ప్రాణమైన వాసవికి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని ఆలోచిస్తూ నిన్నంతా గడిపాను. నీ నిద్ర చెడగొట్టబోతున్నాను. నన్ను క్షమించు.

సోమవారం మా వార్డుకు భీమమ్మ అని ఒకామెను తెచ్చారు. పాతికేళ్లుంటాయి. ఒళ్లంతా ఎర్రగా దద్దు, జ్వరం, కళ్లలో పసుపు. "తట్టు పోసిందమ్మా" అంది వాళ్లమ్మ. నా చేతిలో సూది మందు అలాగే ఉండిపోయింది.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

"పెట్టెలు కడుగుతానక్కా. ఇనప పెట్టెలు, అరలరలు ఉంటాయి. కంపూటర్లకంట."

"యాడ?"

"నది అవతల, కొత్త షెడ్డులో. మందు కాగబెట్టి అందులో ముంచుతాము. మంచి వాసనొస్తాది."

"మీ సారు పేరేం?"

"వేణుగోపాల్ సారు. కడప నుంచి వచ్చినాడు. శానా మంచోడక్కా."

వాసూ, ఆ ఆర్డరు రద్దు కాలేదు. ఊరు మారిందంతే. తొట్టి తాళం వేసిన గదిలో లేదు. ఆ తొట్టినే లారీకెక్కించి ఇక్కడికి తెచ్చారని భీమమ్మే చెప్పింది. భీమమ్మతోపాటు ఇంకా చాలామంది ఆడవాళ్లు దాని చుట్టూ నిలబడుతున్నారట. ఇక్కడా కిటికీలు మూసే ఉంచుతారట.

డాక్టరుగారికి ఈసారి వెతుక్కునే పని లేకపోయింది. నేను పేరు చెప్పగానే చికిత్స మొదలుపెట్టారు. భీమమ్మకు పసుపు ఇంకా తగ్గలేదు. కానీ ఈ పొద్దున గంజి అడిగి తాగింది. బతుకుతుందని డాక్టరుగారు గట్టిగా అనడం లేదు, కాదనీ అనడం లేదు. గంజి తాగాక నన్ను పిలిచి, "పనికెప్పుడు పోవచ్చక్కా? నా చోటు ఇంకెవరికన్నా ఇచ్చేస్తారు" అంది. ఇక ఎప్పటికీ పోకూడదని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

డాక్టరుగారు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకు రాశారు. రోగి సంగతి తాను చెప్పగలనని, లోపల ఏం జరుగుతుందో చెప్పే మనిషి కావాలని అంటున్నారు. భీమమ్మ చెప్పదు. ఆమెకు ఆ చోటు కావాలి. ఆ తొట్టి పక్కన నిలబడి, చూసి, దాని పేరు తెలుసుకుని, దాన్ని ఎదిరించిన మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది.

నువ్వు వస్తే ఇక్కడి ఆడవాళ్లూ నిన్ను తిడతారు. జుట్టూ పట్టుకుంటారేమో. ఈసారి పక్కన నేనుంటాను. అప్పుడు ఆర్డరు ఆగితే చాలనుకున్నాం, అది ఇంకో ఊరికి పోయింది. ఈసారి ప్రభుత్వం ముందర పేరు పెట్టి చెప్పాలి, ఇంకే ఊరికీ పోకుండా.

ఈ ఉత్తరం ముగించబోతుంటే కింద వార్డు నుంచి పిలుపు వచ్చింది. పోయి వచ్చి రాస్తున్నాను. అదే షెడ్డు నుంచి ఇంకొకామెను తెచ్చారు. దద్దు ఇప్పుడే మొదలైంది, కళ్లు తెల్లగానే ఉన్నాయి. మంచం భీమమ్మ పక్కనే వేయించాను.

నాన్నకు చెప్పి, మొదటి బస్సుకే రా.

బస్టాండులో ఎదురుచూస్తుండే
నీ కౌసర్