బ్రేకులకు పెట్టిన గ్రీజు

అన్నా,

బొగ్గుబాయిలో కప్పు కూలి నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నువ్వు చదవవని తెలిసే తిడుతున్నాను. మిలిటరీ వేలంలో తెచ్చుకున్న నీ పాత ఫట్‌ఫటీ మోటారుసైకిల్ని నన్ను ముట్టనివ్వలేదు, పని నేర్పలేదు. ఆ కోపంతోనే మూడు నెలలుగా దాన్ని విప్పి బిగిస్తున్నాను. ఈరోజు కూడా నడవకపోతే పాత ఇనుముకు ఇచ్చేస్తానని వదిన తేల్చి చెప్పింది. నువ్వు పోయాక ఆమె అవసరానికి మించి మాట్లాడడమే మానేసింది.

పొద్దున తన్నగానే ఇంజను అందుకుంది. మలుపు దగ్గర బ్రేకు తొక్కితే మాత్రం ఆగలేదు. పక్కింటి మల్లవ్వ మేకల దడిలోకి దూసుకుపోయాను.

“మేకల్ని ఎక్కిచ్చుకపోను వచ్చినవా, పిలగా?” అంది మల్లవ్వ.

వదిన పరుగున వచ్చి చక్రం నుంచి కారుతున్న జిడ్డు చూసింది.

“బ్రేకులకు గ్రీజు పెట్టినవా, రాజం?”

“రాసుకునేదానికల్లా పెట్టాలె గద వదినా. బాయిల బొగ్గు టబ్బుల ఇరుసులకు రోజూ పెడుతలేనా?”

కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. “మీ అన్న సుత మొదలు గదే చేసిండు. తమ్మునికి చెప్పద్దని ఒట్టు పెట్టించుకుండు.”

అన్నీ తెలిసి నేర్పలేదనుకున్నాను. ఇప్పుడీ కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

వదిన కిరోసిన్ గిన్నెతో చక్రం ముందు కూర్చుంది. “ఉత్తరం రాసింది చాలు, పానా ఇటియ్యి” అంటోంది. పోతున్నాను.