వెళ్తున్నా అంది

మంగళవారం, రాత్రి

మా దేవి లడఖ్‌లో, గడ్డకట్టిన చెరువు మీద ఐస్ హాకీ ఆడుతోంది. ఫార్వర్డ్, అంటే ముందుకు దూసుకెళ్ళి గోల్ కొట్టే ఆటగత్తె. దాని బలం, బలహీనత నన్ను రాసి పంపమన్నాడు కోచ్.

"బలం, వెనక్కి చూడదు. బలహీనతా అదే," అని మధ్యాహ్నం దానికి ఫోన్‌లో చదివాను.

"ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసి నీ బుర్ర గడ్డకట్టింది నాన్నా! సరే, ప్రాక్టీసుకి వెళ్తున్నా."

ఎప్పుడూ 'వెళ్ళొస్తా' అనే పిల్ల.

ఫోన్ పెట్టగానే నా పక్కనున్న ఐస్ దిమ్మ నిలువునా చీలింది. ముప్ఫై ఏళ్ళలో ఐస్ పగలడం ఎన్నోసార్లు చూశాను. చప్పుడు లేకుండా పగలడం ఇదే మొదలు.

సాయంత్రం నుంచీ దానికి ఫోన్ చేస్తున్నాను. రింగవుతోంది, ఎత్తడం లేదు. వెళ్ళేవాళ్ళని వెనక నుంచి పిలవకూడదంటారు. పిలుస్తూనే ఉన్నాను. ఒక్కసారి వెనక్కి చూడవే తల్లీ.