జింకలకు వదిలిన లంక

తమ్ముడు గంగాధర్‌కి అక్క దీవెనలు.

నాన్న జింకల మేతకని వదిలిన లంక భూమిని సర్కారు తుమ్మ కమ్మేసిన సంగతి నీకు తెలుసు. వేసవిలో ఆ కంప కొడుతుంటే మీ బావగారి కంట్లో ముల్లు దిగింది. ఆ కన్ను పోయిందిరా. రెండోది షుగరు వల్ల ముందునుంచీ మసకే.

మేము రాజమండ్రి ఆసుపత్రిలో ఉండగా తుమ్మ మళ్లీ మొలిచి గడ్డిని చంపేసింది. మేత లేక జింకలు ఏటిపాయ దాటి వెళ్లిపోయాయి. ఆయనకు చెప్పలేదు.

నిన్న పట్టుబట్టి, నా చెయ్యి పట్టుకుని లంకలోకి వచ్చారు. కూర్చుని నేలంతా తడిమారు. ముళ్ల మొలకలు తప్ప గడ్డిపరక తగల్లేదు.

"గడ్డి ఏదే?" అన్నారు.



మళ్లీ ఆయనే, "జింకలు మేసేసుంటాయిలే" అన్నారు. అక్కడే కూర్చుని చేతికందిన మొలకల్ని పీకడం మొదలుపెట్టారు. "ఇంటికి పోదాం రండి" అంటే లేవలేదు. వేళ్లన్నీ రక్తమే.

వేర్లు ముదరకముందే నలుగురు మనుషుల్ని తీసుకుని రా. జింకలు తిరిగొస్తాయన్న ఆశ నాకు లేదు. ఆయన మాత్రం ఈ పొద్దున కూడా చెప్పులేసుకుని, చెయ్యి చాచి గుమ్మంలో నిలబడ్డారు.

మీ అక్క