ఆల్జీబ్రా అంటే ఎముక కట్టడమట

జింజ్, బహ్రెయిన్

చిరంజీవి పద్మకు,

అక్క దీవెనలు. నేనిక్కడ కులాసా. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్న చుట్టలు తగ్గించాడా?

లెక్కల్లో తప్పావని, ఇక చదవనని, నాలాగే ఇంటిపనికి ఇక్కడికి వచ్చేస్తానని రాశావు. చదివాక అన్నం సహించలేదు.

ఒక సంగతి అమ్మకు మెల్లగా చెప్పు. పోయిన నెల మెట్లు కడుగుతూ జారిపడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. సల్మానియా ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. ఇప్పుడు నయమే, కంగారుపడకండి. పక్కింట్లో పనిచేసే రాజోలు మంగమ్మ మాత్రం, "చెయ్యిరిగినదాన్ని ఎవరుంచుకుంటారే? ఖలాస్, ఇంటికి పంపేత్తారు" అంది. భయమేసింది. నిజం చెప్పొద్దూ, పంపేస్తే బాగుండునని కూడా అనిపించింది.

మా యజమానిని ఇక్కడ కఫీల్ అంటారు. ఆయన తల్లి ఒకప్పుడు ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. నేను పెద్దమ్మగారంటాను. వంటింట్లో నేను ఏడుస్తుంటే వచ్చి, వచ్చీరాని హిందీలో "నొప్పా?" అన్నారు.

"కాదమ్మా, మా చెల్లి లెక్కల్లో తప్పింది. ఆల్జీబ్రా రావట్లేదంట."

ఆవిడ నవ్వి నా పిండికట్టు తట్టారు. "అది మా మాటే. అల్ జబ్ర్. విరిగిన ఎముకను కూర్చి కట్టడమూ జబ్రే. వెనకటికి బగ్దాదులో ఒక పండితుడు తన లెక్కల పుస్తకానికి ఆ పేరు పెట్టాడు. తెల్లవాళ్లు దాన్ని తమ భాషలోకి రాసుకుని వందల ఏళ్లు చదువుకున్నారు. వాళ్ల బడుల్లోంచే మీ బడికి వచ్చింది. అంకెలైతే మీ దేశం నుంచే మాకొచ్చాయి. ఇప్పటికీ హిందీ అంకెలనే అంటాం. మీ చెల్లికి పరాయిదేముంది ఇందులో?"

ఖర్జూరం గింజలు బల్లమీద రెండు కుప్పలు పోశారు. "ఈ పక్క మూడు తక్కువైతే మూడు కలిపి పూరించు. ఆ పక్కా మూడు కలుపు. అంతే." ఏడో తరగతిలో మానేసిన నాకే అర్థమైంది పద్మా! నువ్వు పక్కనుంటే ఎంత బాగుండేదో.

"నన్ను పంపేస్తారా?" అని అడిగేశాను. "ఎవరు పంపుతారు? ఒంటిచేత్తో పప్పు ఏరు, చాలు" అన్నారు. ఊరట కలిగింది. ఎందుకో దిగులూ పుట్టింది.

ఇక్కడికి రావద్దు తల్లీ. సెప్టెంబరు పరీక్షకు కట్టు. నీ ఫోటో ఒకటి పంపు. అమ్మానాన్నలకు నా నమస్కారాలు, అత్తయ్యనూ అడిగానని చెప్పు.

మీ చెల్లి పేరేమిటని పెద్దమ్మగారు అడిగారు. అరబ్బీలో 'ప' లేదట, "బద్మ" అన్నారు. నవ్వొచ్చింది. ఇక్కడికి వచ్చాక నీ పేరు మరొకరి నోట వినడం అదే మొదలు. మళ్లీ అనమన్నాను.

నిన్ను తలుచుకునే
అక్క సత్యవతి